మోటర్‌హోమ్ కింద ఇద్దరు ఓనర్లు

ప్లేనోలో మేం సరుకులు తెచ్చుకునే షాపులో బిల్లు మనమే కొట్టుకునే మెషిన్లు పెట్టారు. కొత్తిమీర కట్ట సంచిలో వేస్తే చాలు, అది ఎర్ర లైటు వెలిగించి మనిషిని పిలుస్తుంది. ఆ అమ్మాయి వచ్చి కట్ట వైపూ నా వైపూ చూసి, ఇద్దరిలో కట్టనే నమ్మి వెళ్ళిపోతుంది. కొత్తిమీర దొంగిలించే వయసు నాకు దాటిపోయిందని ఆ మెషిన్‌కి ఎవరూ చెప్పరు.

కాబట్టి నా మీద అనుమానం పడితే ఎలా ఉంటుందో నాకు తెలుసు. దాన్ని ఇంకొకరి మీద పెట్టుకోవడం ఎంత హాయో మాత్రం మోటర్‌హోమ్ కొన్నాకే తెలిసింది.

మంచాలు, పొయ్యి, సింకు, బాత్రూమ్ అన్నీ ఉన్న బండి అది. నేనూ, ఎమ్మెస్ రోజుల్లో నా రూమ్మేటూ కలిసి ఇర్వింగ్‌లో ఒక తెలుగాయన దగ్గర సెకండ్‌హ్యాండ్‌లో కొన్నాం. వాడిది వరంగల్ వైపు, మాది గుంటూరు వైపు. ఒక లాంగ్ వీకెండ్ వాళ్ళు తీసుకెళ్తే ఇంకోసారి మేం. నియమం ఒకటే: వాడినవాళ్ళే మురికినీళ్ళ ట్యాంకులు ఖాళీ చేసి, కడిగి పెట్టాలి. బండి కింద అవి రెండుంటాయి, ఒకటి టాయిలెట్‌ది, ఇంకోటి సింకుది. దేని వాల్వ్ దానికుంటుంది.

మొదటిసారి రెండు కుటుంబాలూ కలిసి ఒక శనివారం బయలుదేరాలనుకున్నాం. ఆ వారం మొదట్లో బండిని మా ఇంటి ముందు డ్రైవ్‌వేలోకి తెస్తే, కింద పైపు మూత దగ్గర బొట్లు పడుతున్నాయి. మూత తీశాను. దాని వెనక నక్కిన నీళ్ళన్నీ నా చెప్పుల మీదికి వచ్చాయి. సాంబారు వారం పాటు దీర్ఘాలోచనలో ఉంటే వచ్చే వాసన. టాయిలెట్‌ది కాదు కదా అని సంతోషించాను. ఆ రోజుకి అంతకన్నా సంతోషం దొరకలేదు.

ఆఖరున బండి తీసుకెళ్ళింది వాడు. ఫోన్ చేశాను.

"ట్యాంక్ ఖాళీ చేశావా?"

"చేసిన. కడిగిన గూడ. ఎందుకురా?"

"ఏం లేదు. కారుతోంది."

"నీ ట్రిప్పు కాడి నుంచే వాల్వ్ హ్యాండిల్ టైట్‌గుండె. నేనే అడగలే, ఫీలైతవని."

ఇన్నేళ్ళ స్నేహంలో నేను ఫీలవుతానని వాడు ఏదైనా మానుకోవడం అదే మొదలు. అనుమానం అక్కడే గట్టిపడింది. వాల్వ్ మార్చడం పెద్ద పని కాదు. కానీ ఒకరినొకరు నమ్మని ఇద్దరం, పెళ్ళాం పిల్లలతో, గదంత బండిలో ఎలా తిరుగుతాం? ఈ బండి మా స్నేహాన్ని కూడా సెకండ్‌హ్యాండ్‌ చేసేస్తుందేమోనని నాకు భయం వేసింది.

శుక్రవారం సాయంత్రం వాడు కొత్త వాల్వ్‌తో, భార్యతో వచ్చాడు. ఆమె గిన్నెలు సర్దడానికి బండెక్కింది. అప్పటికే నేను ట్యాంకులు ఖాళీ చేయించి తెచ్చాను.

"మళ్ళ కడిగినవా?" అన్నాడు.

"మొదటిసారి కడిగాను."

ఇద్దరం నవ్వాం, మర్యాదకి.

అట్టలు పరుచుకుని వెల్లకిలా బండి కిందికి దూరాం. నేను బోల్టులు విప్పుతుంటే వాడు ఫోన్ టార్చ్ పట్టుకున్నాడు. వెలుతురు వాల్వ్ మీద కన్నా నా మొహం మీదే ఎక్కువ పడింది. వాల్వ్ అంటే రెండు రబ్బరు సీళ్ళ మధ్య జారే ఒక ప్లాస్టిక్ పలక, అంతే. అది పూర్తిగా మూసుకోకుండా గాడిలో ఏదో అడ్డుపడి ఉంది. స్క్రూడ్రైవర్‌తో గీకితే నా అరచేతిలో పడింది. నల్లగా, నున్నగా, చింతగింజ.

ఈ రాష్ట్రంలో ఏ మెకానిక్‌కి చూపించినా అదేమిటో చెప్పలేడు. మా ఇబ్బంది వేరు. అదేమిటో మాకు తెలుసు, ఎవరిదో తెలియదు.

"పులిహోర మీ ఇంట్లనే గద ఎక్కువ," అన్నాడు వాడు మెల్లగా.

"పచ్చిపులుసు లేకుండా నువ్వు ముద్ద ఎత్తవు."

"మేం వడగడ్తం."

"మేమేమన్నా గింజలతో తింటామా?"

కాసేపు ఇద్దరం బండి అడుగుభాగాన్ని శ్రద్ధగా పరిశీలించాం. అప్పుడు నాకు దేవుడిలా ఒకాయన గుర్తొచ్చాడు.

"బండి అమ్మిన ఆ ఇర్వింగ్ ఆయన," అన్నాను.

టార్చ్ నా మొహం మీంచి దిగింది. "అండ్ల వంటనే చెయ్యలే, చిప్స్ తిన్నం అన్నడు గద."

"ఆ సంగతి నువ్వు అడిగావా?"

"నేనెందుకు అడుగుత?"

"మరి ఆయనెందుకు చెప్పాడు?"

ఆయన మాకు కాఫీ రెండోసారి కూడా పోయించడం వాడికి అప్పుడే వింతగా అనిపించిందట. తాళాలిచ్చేటప్పుడు ఆయన కళ్ళలోకి చూడలేదని నాకు గుర్తొచ్చింది. పాత వాల్వ్ తీసేసి, కొత్త సీళ్ళు కూర్చోబెట్టి, బోల్టులు కొంచెం కొంచెంగా బిగించాం. పైన సింకులో నీళ్ళు వదిలి, పైపు కింద పేపర్ టవల్ పరిచి చూశాం. పొడిగా ఉంది. వాడు నా భుజం తట్టాడు. పొద్దున దారిలోకి దోసెపిండి ఎవరు తేవాలో కూడా మాట్లాడుకున్నాం.

పైన కిటికీ తెరిచే ఉంది. గిన్నెలు సర్దుతున్న వాడి భార్య ఒక చెంచా పట్టుకుని మెట్టు మీదికి వచ్చి, వంగి మమ్మల్ని చూసింది.

"పాపం ఆయన్నెందుకంటరు అన్నా? కొన్ననాడు సింకు తూముకు అడ్డమున్న జాలీ నేనే తోమి పెట్టిన. ఇప్పుడది లేదు. మన రెండిండ్లల్ల ఎవరో తీసిండ్రు."