హైడెల్‌బర్గ్ దగ్గర మోసిన పెట్టె

ఇంట్లోలా ఉంటూ ఊళ్లు తిరిగే క్యాంపర్‌వ్యాన్‌లో టాయిలెట్ కింద ఒక పెట్టె ఉంటుంది. అది నిండితే క్యాంపింగ్ స్థలంలో ఎవరిది వాళ్లే మోసుకెళ్లి పారబోసి, కడుక్కోవాలి. ఫ్రాన్స్, బెల్జియం తిరిగి మళ్లీ జర్మనీ చేరేదాకా ఆ పని మా ఆవిడే చేసింది. మా తాతగారింట్లో అందుకు వేరే మనుషులు ఉండేవారు, వాళ్లు వచ్చిపోవడానికి వేరే దారి ఉండేది. ఇల్లు పోయింది, పొలాలు పోయాయి. ఆ పట్టింపు మాత్రం నన్ను వదల్లేదు.

హైడెల్‌బర్గ్ దగ్గర ఒక ఉదయం ఆవిడకు నడుం పట్టేసి లేవలేకపోయింది. నిండిన పెట్టెను ఒంటికి దూరంగా పట్టుకుని వరుసలో నిలబడ్డాను. నా ముందు ఒక తెలుగతను ఉన్నాడు. జర్మనీలోనే, జిండెల్ఫింగెన్‌లో ఉద్యోగమట.

"ఫస్ట్ టైమా అన్నా? ఇన్నిరోజులు ఎవరు పోసిండ్రు?"

"మా ఆవిడ."

అతను తన పెట్టె కడుక్కుని పక్కకు జరిగాడు. నా వంతు వచ్చినా నా చేతులు కదల్లేదు. అది చూసి అతను చెయ్యి చాపాడు. బతికాననుకుని పెట్టె అందించబోయాను. అంతలోనే చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"వద్దన్నా. ఇయ్యాల నేను పోస్తే రేపు మళ్ల వదినే పోస్తది. మీరే పొయ్యుండ్రి. ముందుగాల ఆ బటన్ నొక్కుండ్రి, లేకుంటే మీద చిందుతది."

నొక్కాను. పారబోశాను. తలెత్తేసరికి అతను లేడు.

కడిగిన పెట్టెతో వ్యాన్ ఎక్కితే, "ఎవరితో పోయించారండీ?" అంది మా ఆవిడ పడుకున్నచోటు నుంచే.

"నేనే పోశాను."

ఆవిడకు నమ్మకం కుదరడానికి నేను ఆ పెట్టె మోస్తూ ఆస్ట్రియా కూడా దాటాల్సి వచ్చింది.