మ్యాప్‌లో నడిచిన బుజ్జిగాడి బొమ్మ

దల్మా అడవిలో నేను ఒక రాయి మీద చతికిలబడి ఉన్నాను. ఫోన్‌లో చూస్తే నడుస్తున్నాను! కూర్చున్న మనిషి మ్యాప్‌లో చకచకా పోతోందంటే ముంచుకొచ్చేది మామూలు ఉపద్రవం కాదు.

అసలు సంగతి వినండి. మా ఆయన కారులో కునుకు తీస్తుంటే, పిల్లలిద్దరినీ అత్తగారినీ వెంటేసుకుని, కాలిబాట వదిలేసి వాగు చూపిస్తానని బయల్దేరాను. పిల్లలు మెట్లు దిగితేనే ప్రాణం అరచేతిలో పెట్టుకునే నేను! ఎందుకంత ధైర్యమంటారా? మ్యాప్ ఉందిగా. అందులో మా బుజ్జిగాడి ఫొటో ఉన్న గుండ్రటి బొమ్మ నేనే. బొమ్మ రోడ్డుకి దూరమైతే పక్కకి తిరిగాను, దగ్గరైతే మురిసిపోయాను.

"ఏటే, ముళ్ళకి ఇదిగో నా సీర పీలిక! మళ్ళీ ఈడికే తెచ్చీసినావు," అన్నారు అత్తగారు.

"మ్యాప్ అబద్ధం చెప్పదత్తయ్యా."

"మ్యాప్ సెప్పదు. నువ్వు సెప్తన్నావు."

"మమ్మీ, హాథీ ఆయేగా క్యా?" అంది చిన్ని.

ఏనుగులు నీళ్లకి దిగే వేళ దగ్గరపడుతోంది. మా నీళ్ల సీసా ఖాళీ.

అప్పుడు వెలిగింది. మా ఆయనా బుజ్జిగాడి ఫొటోనే పెట్టుకున్నారు! బ్యాటరీ మిగలాలని నా లొకేషన్ నేనే ఆపేశాను; మ్యాప్‌లో నడిచే బొమ్మ ఆయనది. మమ్మల్ని వెతుకుతూ ఆయన, ఆయన్ని చూస్తూ మేము. చంకలో పిల్లాణ్ణి పెట్టుకుని ఊరంతా వెతికారంటారు. నేను ఫోన్‌లో పిల్లాణ్ణి పెట్టుకుని అడవంతా తిరిగాను. లొకేషన్ పెట్టబోతే ఫోన్ కాస్తా కన్నుమూసింది.

తలెత్తి ఎండకేసి చూశాను. ఊళ్ళో, సోనారిలో మా డాబా మీద సాయంత్రం బట్టలు తీస్తుంటే ఈ దల్మా కొండ ఎదురుగా, ఎండ ఎడమ చెంప మీద. మరి ఊరివైపు తిరిగితే ఎండ కుడి చెంప మీద పడాలి కదా! పైకే అనేశాను.

"ఇది ఫోన్ సెప్పిందా, నీ బుర్ర సెప్పిందా?"

"బుర్రేనత్తయ్యా."

"అయితే పద."

పొద్దు వాలకముందే రోడ్డెక్కాం. కారుంది, మా ఆయన లేరు! టీ బడ్డీ ఆవిడ ఫోన్ అడిగి చేశాను.

"ఎక్కడున్నారు?"

"మ్యాప్ ముందుకెళ్లమంటోందే. ముందు ముళ్ళపొద ఉంది!"

"ఎండ కుడి చెంప మీద పడేలా తిరిగి దిగండి."

ఒంటినిండా పల్లేరుకాయలతో దిగారు. అత్తగారు కొడుకుని వదిలేసి నా తల నిమిరారు.

మర్నాడు పొద్దున్న, ఆయన వింటుండగానే, పిల్లల చేతుల్లో చెయ్యేసి ఒట్టు పెట్టుకుని గంభీరంగా చెప్పాను: "ఇంకెప్పుడూ అడవిలో నాన్నని ఒంటరిగా వదలను. మీరూ ఆయన చెయ్యి వదలకండి. తప్పిపోతారు."