మిద్దె మీద తూర్పు సగం

ఫోన్ వచ్చినప్పుడు నేను మిద్దె మీద ఉన్నాను. నా సగంలో గద్దలున్నాయి. ఆసుపత్రి నుంచి మా ఆయన. "అమ్మ పోయింది మే," అన్నాడు. "సరే," అన్నాను. ఫోను పిట్టగోడ మీద పెట్టి, సెల్ టవర్‌కు ఎడమ పక్క సుడి తిరుగుతున్న గద్దలు మా ఇంటి మీదుగా దక్షిణానికి దాటేదాకా చూసి, పలక మీద గీతలు గీసి, అప్పుడు మెట్లు దిగాను. ఎదురింటామె తర్వాత ఎవరితోనో అన్నదట, ఆ కోడలు రాయి అని. అననీ. వాటిని సగంలో వదిలేసి వచ్చుంటే నన్ను మొదట తిట్టేది ఆ పోయిన మనిషే.

మా అత్త మీలో ఎక్కువమందికి తెలియదు. తెలిసినవాళ్లకు ఆమె "మిద్దె మీద బైనాక్యులర్ ముసలామె". మా ఇల్లు తిరుపతిలో, కొండకు ఎదురుగా. వానలు మొదలై దసరా దాటేసరికి ఉత్తరాన చలిదేశాల నుంచి గద్దలు, డేగలు దక్షిణానికి బయలుదేరుతాయి. పొద్దెక్కి కొండ వేడెక్కితే ఆ వేడిగాలి మీద రెక్కలు పరిచి తిరుగుతూ పైకి లేచి, అక్కడి నుంచి జారుకుంటూ మా మీదుగా పోతాయి. ఎన్ని పోతున్నాయో, ఏటికేడు తగ్గుతున్నాయో లేదో తెలియాలంటే ఎవరో ఒకరు కూర్చుని లెక్కపెట్టాలి. అది మా మిద్దె మీద మా అత్త, నేను చేసేవాళ్లం.

ఈ పిచ్చి ఆమెకు భక్తి వల్ల పట్టుకుంది. మాది నామాలు పెట్టుకునే ఇల్లు. మామ దేవస్థానంలో గుమాస్తాగా చేసి రిటైరయ్యాడు. పొద్దున్నే మిద్దె ఎక్కి గరుడుణ్ణి చూడందే మా అత్త నోట్లో మెతుకు పెట్టేది కాదు. గరుడుడంటే తెల్ల తల, ఇటుకరంగు రెక్కలు ఉండే గద్ద. మా ఊళ్లో ఆయనకు కొదవ లేదుగానీ మబ్బుపట్టిన రోజుల్లో ఆలస్యంగా వస్తాడు. అట్లా ఒక ఏడు, ఖాళీ కడుపుతో ఆకాశమంతా వెతుకుతుంటే గరుడుడు కానివి బోలెడు కనపడ్డాయట. అన్నీ ఒకే దిక్కుకు. "ఇవన్నీ యాడికి పోతాండాయి?" అని ఆమె అడగని మనిషి లేడు. "తిండికే. నువ్వూ కిందికి రా, ఇడ్లీలు సల్లారిపోతాండాయి," అన్నాడట మామ. ఆ కథ చెప్పిన ప్రతిసారీ ఆమె మామ గొంతు పెట్టి చెప్పేది.

చివరికి మా వీధిలో అద్దెకుండే కాలేజీ సారు చెప్పాడు. ఆయన జువాలజీ పాఠాలు చెప్తాడు, పక్షుల్ని లెక్కపెట్టేవాళ్లతో తిరుగుతాడు. ఇవి వలస పోతున్నాయమ్మా, కొన్ని సముద్రం కూడా దాటతాయి అన్నాడు. ఎట్లాగూ రోజూ మిద్దె ఎక్కుతారు కాబట్టి కాస్త లెక్కపెట్టి చెబుతారా అని ఒక పాత బైనాక్యులర్ చేతిలో పెట్టాడు. "దానికేం భాగ్యం," అంది మా అత్త. ఆ మాట అన్నందుకు ప్రతి ఏడూ వానాకాలమంతా మిద్దె మీదే గడిపింది.

నేను కోడలిగా వచ్చేసరికి మామ లేడు, బైనాక్యులర్ ఉంది. మా పుట్టిల్లు బంగారుపాళ్యం పక్క. మామిడితోపుల్లో పెరిగినదాన్ని, పిట్టంటే డబ్బా వాయించి తోలడమే తెలుసు. రేణిగుంట దగ్గర ఒక గోడౌన్‌లో మధ్యాహ్నం షిఫ్టు నాది. లారీ దిగే అట్టపెట్టెలు లెక్కచూసుకోవడం పని. "పెట్టెలు లెక్కబెట్టే కండ్లు గద్దల్ని లెక్కబెట్టలేవా మే?" అంది వచ్చిన కొత్తల్లోనే. పెట్టెలు ఎగరవు కదత్తా అన్నాను. "అందుకే నీకు తలెత్తే అలవాటు ల్యాకపోయింది," అని పక్కన కుర్చీ వేసింది.

మొదటి ఏడంతా పోట్లాటలే. ఆమె లెక్కపెట్టినదాన్నే నేనూ లెక్కపెట్టేదాన్ని. రెండూ కలిపి పంపితే సారు నవ్వి, ఇన్ని గద్దలు ఆకాశానికి పట్టవమ్మా అన్నాడు. అప్పుడు పంచుకున్నాం. కొండ ముందర నిలబడిన సెల్ టవర్ గెట్టు. దానికి పడమర నాది, తూర్పు ఆమెది. "తూర్పు నాకుండనీ. ఆ పక్క సల్లంగా గాలి తగుల్తాది, ముసిలిదాన్ని," అంది. ఓహో, మంచి పక్క తనే పెట్టుకుందే అనుకున్నాను. అత్తలంతా అంతేనని మా అమ్మకు ఫోన్ చేసి చెప్పాను కూడా.

పొలాలకు గెట్టు వేయొచ్చుగానీ గద్దలకు ఎవరు చెబుతారు? నా సగంలో తిరుగుతూ తిరుగుతూ ఆమె సగంలోకి పోయేవి. మళ్లీ తగాదా. దానికి మందు నేనే కనిపెట్టాను. గోడౌన్‌లో సరుకు చేయి మారేటప్పుడు ఇచ్చేవాడు "ఇచ్చినా" అనాలి, పుచ్చుకునేవాడు "తీసుకున్నా" అనాలి. ఆ మాట వినపడేదాకా సరుకు ఇచ్చినవాడిదే. పోయినా పగిలినా వాడిదే పూచీ. మా మిద్దె మీదా అదే పెట్టాను. గద్ద టవర్ దాటుతుంటే "ఇచ్చినా" అని అరవాలి. అవతలివాళ్లు దాన్ని కంటితో పట్టుకుని "తీసుకున్నా" అనేదాకా చూపు తిప్పకూడదు.

ఇది మా అత్తకు ఎంత నచ్చిందంటే ఇల్లంతా పాకించింది. పొయ్యి మీద పాలు పెట్టి "పాలిచ్చినా!" అని అరిచేది. నేను స్నానాల గదిలో ఉండి "తీసుకున్నా" అనకపోతే అక్కడే నిలబడేది, పూజకు ఆలస్యమైనా సరే. నేను షిఫ్టుకు పోతూ "ఇల్లిచ్చినా అత్తా" అంటే వీధంతా వినపడేట్టు జవాబిచ్చేది. మా ఆయన ఇది ఇల్లా, లోడింగ్ బేనా అని నెత్తి కొట్టుకునేవాడు. మా ఇంట్లో పాలు పొంగి ఎన్నేళ్లయిందో.

గద్దల గురించి ఆమె మాటలు కొన్ని నాకు అలవాటైపోయాయి. "ఊరికే రెక్క కొట్టేది కాకి, పరిసి పోయేది గద్ద." "తొందరపడితే కాకి గూడా గద్దే." ముసురు పట్టి ఒక్క పిట్టా కదలని రోజుల్లో కూడా గొడుగు వేసుకుని కూర్చునేది. లేవండత్తా, ఏమీ రావు అంటే, "రాలేదని సెప్పేదానికైనా ఒకరుండల్ల గదా," అనేది. వాయుగుండం వాన వెలిసిన మర్నాడు ఒకసారి ఎర్రకాళ్ల చిన్న డేగలు చీమలబారులా వచ్చాయి. ఆమె గొంతు పోయేదాకా "ఇచ్చినా, ఇచ్చినా" అని అరిచింది, నేను "తీసుకున్నా" అని అరిచాను. ఆ రోజు షిఫ్టుకు ఆలస్యంగా పోయి తిట్లు తిన్నాను. తిట్లు తింటూ నవ్వుతున్నానట.

ఆమెతో ఒక్కటే చిక్కు. గరుడుడొస్తే రెండు చేతులూ జోడించి కళ్లు మూసుకునేది. బైనాక్యులర్ మెడకు వేలాడుతూ ఉండేది. ఆ లోపల నాలుగు గద్దలు ఆమె నెత్తి మీదుగా పోయేవి. పైగా గరుడుడు లెక్కలోకి రాడు. "ఆయన ఊరాయనమ్మే, యాడికీ పోడు, పోయేవాళ్లనే మనం రాసేది," అనేది తనే. చివరికి దానికీ ఒక పద్ధతి పెట్టుకుంది. ఇటుకరంగు రెక్క కనపడగానే "అంతా ఇచ్చినా!" అని ఒక్క అరుపు అరిచి కళ్లు మూసుకునేది. నేను "తీసుకున్నా" అనేదాన్ని. అంతసేపూ ఆకాశం మొత్తం నాది. ఆమె కళ్లు తెరిచాక, తన సగం తను మళ్లీ తీసుకునేది.

ఈ ఏడు సీజన్ మొదట్లోనే ఆమెకు నిమ్ము చేరింది. వానలో కూర్చున్నందుకేనని ఆడబిడ్డ అంటుంది. కావచ్చు. ఆసుపత్రిలో కూడా పొద్దున నన్ను కూర్చోనిచ్చేది కాదు. "గాలి తిరిగింటాది, పో, మిద్దెక్కు," అని సైగ చేసేది. నేను పోయి పడమర సగం లెక్కపెట్టి వచ్చేదాన్ని. పలక మీద తూర్పు వైపు ఖాళీగా ఉండేది.

పోయే ముందురోజు సాయంత్రం ఆమె ఆక్సిజన్ మాస్కు పక్కకు లాగింది. నా వైపు చూసి, "అంతా ఇచ్చినా మే," అంది. నర్సు నీళ్లడుగుతోందనుకుని గ్లాసు తెచ్చింది. నేను కిటికీ వైపు చూశాను. గరుడుడెవరూ లేడు, పక్క బిల్డింగ్ ఏసీ డబ్బాలున్నాయి. ఆమె నన్ను చూస్తూనే ఉంది, జవాబు కోసం.

నేను అనలేదు. "తీసుకున్నా" అంటే ఆమె చూపు తిప్పుకోవచ్చు. అనకపోతే తిప్పుకోకూడదు, అది మా నియమం. నియమం తప్పే మనిషి కాదు. అందుకని దుప్పటి సరిచేసి, "పొద్దున్నే వస్తానత్తా," అని వచ్చేశాను. పొద్దున్నే మిద్దె ఎక్కాను, ఆమె చెప్పినట్టే గాలి తిరిగింది, ఫోన్ వచ్చింది.

ఆ తర్వాతవన్నీ ఎవరో చేస్తుంటే చూసినట్టు గుర్తున్నాయి. వచ్చినవాళ్లకు కాఫీలు కలిపాను. అందరూ నా భుజం మీద చేయి వేశారు. ఏడుపు వస్తుందేమోనని కాచుకున్నాను, రాలేదు. కర్మ రోజు స్వర్ణముఖి ఒడ్డున పిండం పెట్టి పక్కకు జరిగారు. కాకి రాలేదు. అందరూ ముఖాలు చూసుకున్నారు. "ఏదో కోరిక మిగిలిపోయినాది," అన్నాడు అయ్యవారు. సత్యవేడు నుంచి వచ్చిన ఆడబిడ్డ ముందుకొచ్చి, "అమ్మా, నీ పూజగూడు నేను చూసుకుంటా," అంది. రాలేదు. మా ఆయన, "ఏటేటా కొండకు నడిసి పోతానమ్మా," అన్నాడు. రాలేదు. ఆయనకు మోకాళ్ల నొప్పి, అది ఆమెకూ తెలుసు. "కోడలా, నీకేమైనా సెప్పిందా?" అన్నారు నా వైపు తిరిగి.

నేను పైకి చూశాను. పైన ఒక డేగ తిరుగుతోంది. ఊళ్లోని కాకులన్నీ దాన్ని తరమడానికి దాని వెంటపడి పోయాయి. అది ఎవరి సగమో చెప్పడానికి అక్కడ టవర్ లేదు. "నాకేం చెప్పలేదు," అన్నాను. డేగ దూరం పోయాక కాకులు దిగి పిండం ముట్టాయి. మా ఆయన మొక్కుకే వచ్చిందని అందరూ తేల్చారు. నేను తగువు పెట్టుకోలేదు, నడిస్తే ఆయనకే మంచిది.

మొన్న సారు ఫోన్ చేశాడు. "తూర్పు ఖాళీగా పంపుతున్నారమ్మా. తప్పేం లేదు. కావాలంటే ఒక స్టూడెంట్‌ను కూర్చోబెడతాను," అన్నాడు. వద్దు సార్ అన్నాను. మరి ఎవరు చూస్తారు అని ఆయన అడగలేదు. పెద్దమనిషి. ఆమె పోయినందుకంటే ఆ సగం ఖాళీగా ఉన్నందుకే నాకు లోపల ఎక్కడో నొప్పిగా ఉంది. పోయినవి పోయాయి, వాటిని ఎవరూ చూడలేదు. రాలేదని చెప్పేదానికి కూడా అక్కడ ఒకరు లేరు.

నిన్న పొద్దున వాన వెలిసింది. మిద్దె ఎక్కి నా కుర్చీలో కూర్చున్నాను. ఆమె కుర్చీ పక్కనే, రేణిగుంట వైపు తిరిగి ఉంది. ఎవరూ కదిలించలేదు. చాలాసేపటికి నా సగంలో ఒక గద్ద లేచింది. ఒకటే. సన్నగా పొడవు రెక్కలది, పొలాల మీద తక్కువ ఎత్తులో పోయే పిల్లిగద్ద, ప్రయాణం కాబట్టి పైకెక్కింది. తిరుగుతూ తిరుగుతూ టవర్ దగ్గరికొచ్చి, గెట్టు దాటింది.

"ఇచ్చినా," అన్నాను. నోటికి అలవాటు.

ఎవరూ తీసుకోలేదు. నియమం నేను తెచ్చిందే, చూపు తిప్పకూడదు. తిప్పకుండానే లేచి, ఆమె కుర్చీని తడుముకుంటూ పోయి అందులో కూర్చున్నాను. కూర్చోగానే ఎండ సూటిగా ముఖాన కొట్టింది. గాలి లేదు, చల్లదనం లేదు. పొద్దున పూటంతా ఎండే ఆ పక్క. ఇన్నేళ్లూ ఆమె కొంగుతో కళ్లు తుడుచుకుంటూ ఉంటే వయసు వల్ల అనుకున్నాను. నాకు చల్లటి సగం ఇచ్చి, చల్లటిది తనదని చెప్పి పోయింది.

నుదుటికి చేయి అడ్డం పెట్టుకున్నాను. గద్ద ఎండలో కలిసిపోయింది, మళ్లీ కనపడింది. కళ్లల్లో నీళ్లు కారుతున్నాయి. ఎండకో, దేనికో.

"తీసుకున్నా, అత్తా," అన్నాను, వీధంతా వినపడేట్టు. "అంతా తీసుకున్నా."

ఎదురింటామె తలుపు తీసి పైకి చూసింది. నేను చూపు తిప్పలేదు. గద్ద రెక్కలు పరిచి, మా ఇల్లు దాటి, రైలుపట్టాల మీదుగా దక్షిణానికి జారుకుంటూ పోయింది. చుక్కంతయ్యింది. చుక్క కూడా పోయినాక, పలక ఒళ్లో పెట్టుకుని తూర్పు వైపున ఒక గీత గీశాను.