నల్లబడని నా వెండి పట్టీ

మా చిన్నప్పుడు... తొలకరికి గట్టిగా ఉరిమిందంటే చాలు, మర్నాటి నుంచి మా ఊళ్ళో పెద్దాచిన్నా అందరూ నేలను వెతుక్కుంటూ నడిచేవారు. శృంగవరపుకోట దాటి కొండల వైపు వెళ్తే వస్తుంది మా ఊరు. అది పుట్టగొడుగుల కాలం. మా వాళ్ళు కొక్కులంటారు.

మరీ పాతకాలం కాదులెండి... ఊళ్ళోకి టచ్ ఫోన్లు అప్పుడప్పుడే వస్తున్న రోజులు. నాన్నకి విశాఖలో పని. ఇంటి పెత్తనమంతా పెదనాన్నది. కొక్కుల విషయంలో అయితే ఆయన మాటకి తిరుగే లేదు.

ఒక ఆదివారం చర్చి నుంచి వస్తుంటే జీడితోట గట్టున తెల్లగా, పళ్ళేలంత గొడుగులు కనిపించాయి. పెదనాన్న కండువా నిండా కోసుకొచ్చారు. అమ్మకి అనుమానం వచ్చింది.

"బావగారూ, ఇయి పుట్ట మీద మొలిసినియి కావు కదా... తినొచ్చంటారా?" అని నెమ్మదిగానే అడిగింది.

దానికి మా ఇంట్లో ఒక పరీక్ష ఉండేది. ఉడుకుతున్న కూరలో వెండి వస్తువు వేయాలి. నల్లబడితే విషం, లేకపోతే మంచివి. పెదనాన్న నా కాలి పట్టీ విప్పించి గిన్నెలో వేయించారు. కాసేపాగి గరిటెతో పైకి తీస్తే తళతళా మెరుస్తోంది...

"సూసినావా అమ్మాయ్, నల్లబడనేదు. ఇంకేటి బయ్యం? వడ్డించీ" అన్నారు అమ్మతో.

కొక్కుల కూరంటే తమ్ముడికి ప్రాణం. మా అందరికంటే వాడే ఎక్కువ తిన్నాడు. పొద్దు వాలకముందే అందరికీ వాంతులు. మేం తట్టుకున్నాం, వాడు తట్టుకోలేకపోయాడు. ఆటోలో శృంగవరపుకోట ఆసుపత్రికి చేరేసరికి మెడ నిలపలేకపోతున్నాడు. సెలైన్ ఎక్కుతున్నంతసేపూ అమ్మ వాడి అరికాళ్ళు రుద్దుతూ కూర్చుంది. కొక్కుల వల్లే ఇదంతా అని డాక్టరు పెదనాన్న ఎదుటే చెప్పారు. దేవుడి దయ, వాడు బతికాడు.

తర్వాతి ఆదివారం చర్చిలో సాక్ష్యాలు చెప్పే వేళ పెదనాన్న లేచి మైకు పట్టుకున్నారు. "మా పిల్లోడిని దేవుడు బతికించినాడు, వందనాలు. మా ఇంటి ఆడోళ్ళు వంటలో సేసిన పొరపాటుకి ఇలాగయ్యింది" అన్నారు. ఆడవాళ్ళంతా తల తిప్పి అమ్మ వైపు చూశారు.

ఇది రాస్తుంటే ఇప్పటికీ ఒళ్ళు మండిపోతోంది నాకు. కోసుకొచ్చింది ఆయన. పరీక్ష పెట్టింది ఆయన. అనుమానపడింది అమ్మ. మాట పడింది కూడా అమ్మే... ఆ తర్వాత చర్చిలో అందరూ కలిసి వండుకు తినే ప్రేమవిందు జరిగినప్పుడల్లా అమ్మని పొయ్యి దగ్గరికి రానివ్వలేదు. మూల కూర్చుని ఉల్లిపాయలు తరగమనేవారు.

అమ్మ ఎవరితోనూ గొడవ పడలేదు. రాజాంలో డిగ్రీ చదువుతున్న తన తమ్ముడికి ఫోన్ చేసి, "ఒరే, కొక్కుల గురించి రాసిన పుస్తకం ఉంటే తెచ్చీ" అంది.

చిన్నమామయ్య మొదట తెచ్చింది నున్నటి కాగితాల పుస్తకం. అన్నీ మంచు దేశాల్లో మొలిచేవే... "ఇయి మన కొండ మీద మొలవ్వు కదరా, నాకెందుకు?" అని అమ్మ తిప్పి పంపేసింది. రెండోసారి వాళ్ళ బోటనీ లెక్చరర్‌ని అడిగి ఇంకోటి తెచ్చాడు. మన కొండల్లో తిరిగి చూసినవాళ్ళు రాసింది. అట్ట చిరిగిపోయింది గానీ, తినేదాని పక్కనే దానిలా కనిపించే విషపుదాని బొమ్మ కూడా వేశారు. ఎక్కడ మొలుస్తుందో, గొడుగు కింద రేకులు ఏ రంగో, మట్టిలో మొదలు ఎలా ఉంటుందో అన్నీ ఉన్నాయి. అనుమానం ఉంటే తినొద్దని, వెండితో ఏమీ తేలదని కూడా ఉంది. మామయ్య ఇంగ్లీషులో చదివి తెలుగులో చెబుతుంటే అమ్మ ప్రతిదీ మళ్ళీ మళ్ళీ అడిగేది.

ఇంకో వాన పడ్డాక అదే గట్టున అవే మొలిచాయి. అమ్మా నేనూ వెళ్ళి ఒకదాన్ని మొదలంటా తవ్వి తెచ్చాం. మేం తినే పుట్ట మీది కొక్కుకి మట్టిలోకి పొడుగ్గా వేరులాంటి తోక ఉంటుంది. దీనికి లేదు. అమ్మ ఆ గొడుగుని కోసి తెల్లకాగితం మీద పెట్టి, పైన గిన్నె బోర్లించింది. తెల్లారి తీసి చూస్తే కాగితం మీద ఆకుపచ్చ పొడి... సరిగ్గా పుస్తకంలో ఆ విషపుదాని గురించి రాసినట్టే.

ఆ ఆదివారం సాక్ష్యాల వేళ అమ్మ లేచింది. జన్మలో మైకు పట్టని మనిషి. ఆ కాగితం అందరికీ కనబడేలా పట్టుకుంది.

"అందరికీ వందనాలు. మా పిల్లోడు తిన్నది ఈ కొక్కే. పుట్ట మీద దానికి ఇలాటి పచ్చపొడి రాలదు. ఎండిని నమ్మకండి. సూడండి, మీ పిల్లలకి పెట్టకండి" అంది.

తన తప్పు లేదని ఒక్క మాట కూడా చెప్పుకోలేదు. కాగితం చేతులు మారుతూ పెదనాన్న దాకా వెళ్ళింది. ఆయన అటూ ఇటూ తిప్పి చూసి, "అయితే ఆ పట్టీ మంచి ఎండి కాదన్నమాట. కంసాలి కల్తీ సేసినాడు" అన్నారు.

వంట కాకపోతే పట్టీ. పట్టీ కాకపోతే కంసాలి. తన తప్పు మాత్రం ఎప్పటికీ కాదు... అన్నం తినకుండా అలిగి పడుకున్నాను ఆ రోజు.

ఇదంతా ఇప్పుడెందుకంటే... నిన్న మా కుటుంబం వాట్సాప్ గ్రూపులో పెదనాన్న ఒక వీడియో పెట్టారు. అడవి పుట్టగొడుగులు మంచివో కావో వెండి చెంచాతో ఇట్టే తెలుసుకోవచ్చట. కింద వరసగా దండాల బొమ్మలు. మా తమ్ముడైతే బొటనవేలు పెట్టాడు. వీడే, ఆ సెలైన్ ఎక్కించుకున్న వీడే...

ఆ రోజుల్లో ఒక ఇంటి తప్పు ఆ ఇంటి గిన్నెతోనే పోయేది. ఇప్పుడు వేలితో ఒక్కసారి నొక్కితే ఎన్ని ఇళ్ళ పొయ్యిల మీదకి ఎక్కుతుందో. అమ్మ చదివించుకున్న పుస్తకం లాంటిది తెలుగులో ఇంతవరకూ నా కంటపడలేదు... మీకు తెలిస్తే పేరు చెప్పండి. మీ ఇళ్ళల్లో ఏ పరీక్షలు పెట్టేవారో, తేడా వస్తే మాట ఎవరి మీద పడేదో కూడా రాయండి.

పెదనాన్నా, మీరూ ఇది చదువుతారని తెలుసు. నా పట్టీ మంచి వెండిదే. ఆ రోజు కూర కూడా మా అమ్మ బాగానే వండింది.