మేస్త్రి గారి సంచి

నాకు కోపం తొందరగా వస్తుంది. మా ఇంట్లో అందరికీ తెలిసిన సంగతే. విజయవాడలో బాత్‌రూముల లీకేజీ పనులు కాంట్రాక్టుకు తీసుకోవడం మొదలుపెట్టాక బయటివాళ్లకూ తెలిసింది. నాకు సివిల్ డిప్లొమా ఉంది, స్కూటీ ఉంది, నోరుంది. లేనిదల్లా పనివాళ్లే.

మొదట దొరికినవాళ్లు ఇద్దరు. ఒకరు మైలవరం నుంచి రోజూ తొలి బస్సుకు వచ్చే తాపీ మేస్త్రి గారు. మా నాన్న వయసు. రెండో మనిషి గుణదలలో ఉండే ఒకావిడ, సిమెంటు కలిపి అందించేది. చుట్టరికం లేకపోయినా ఆయన్ని బాబాయి అనేది. అంతకు ముందు నేను ఎవరికీ పని చెప్పి ఎరగను. మెత్తగా మాట్లాడితే ఆడమనిషని అలుసు చేస్తారని భయం. అందుకని ప్రతి మాటా గట్టిగానే అనేదాన్ని.

మూడో పనో నాలుగో పనో, ఒక మేడ మీద బాత్‌రూము. పాత టైల్స్ తీసేసి వాటర్‌ప్రూఫింగ్ కోటింగ్ వేశాం. ఇక నీళ్లు నింపి మూడు రోజులు నిలవబెట్టాలి. కింద వాటాలో చెమ్మ కనబడకపోతేనే టైల్స్ వేయాలి. నేను చదువుకున్నదే. కానీ ఇంటాయన, శుభకార్యం దగ్గర పడిందని తొందరపెట్టాడు. పని త్వరగా అయితే వాళ్ల అన్నయ్య అపార్ట్‌మెంట్ పని మొత్తం నాకే ఇప్పిస్తానన్నాడు. నాకు ఆశ పుట్టింది. పొద్దున నింపిన నీళ్లు సాయంత్రానికే తోడేసి టైల్స్ మొదలుపెట్టమన్నాను.

"మూడ్రోజులు ఉండనివ్వండి మేడం గారూ. రేపు కారిందంటే అనేది మిమ్మల్నే," అన్నారు మేస్త్రి గారు.

ఇంటాయన పక్కనే ఉన్నాడు. "కాంట్రాక్టర్ని నేను. చెప్పింది చేయండి, పాఠాలు చెప్పకండి," అన్నాను. అంత పెద్దమనిషిని, పరాయివాళ్ల ముందు. ఆయన చేతులు కడుక్కుని, చొక్కా మార్చుకుని బస్టాండుకు వెళ్లిపోయారు.

ఆయన సంచి గోడ వారన అలాగే ఉండిపోయింది. తాపీ, గుండు, మూలమట్టం, సుత్తి అన్నీ అందులోనే. పనిముట్లు లేకపోతే ఇంకో చోట పనికెలా వెళతారు, పాపం అనుకుని, మైలవరం వైపు వెళ్తున్న ఒక పెయింటర్‌తో ఆ సాయంత్రమే పంపించేశాను. అందులో జాలి ఎంతో, పౌరుషం ఎంతో ఇప్పుడు చెప్పలేను.

మర్నాడు గుణదల ఆవిడ వస్తూనే గోడ వైపు చూసింది. "బాబాయి సంచేదండీ?"

చెప్పాను. ఆవిడ తట్ట కింద పెట్టేసింది.

"ఎంత పని చేశారు మేడం గారూ. సంచి వదిలెళ్లాడంటే కోపం తగ్గాక వస్తాడనండీ. మనమే ఇంటికి పంపామంటే ఇంక రావొద్దని చెప్పినట్టు. మా పనోళ్లలో ఎవర్నీ నోటితో మానమనరండీ, సంచి పంపేస్తారంతే."

ఈ సంగతి నా డిప్లొమాలో లేదు. ఫోన్ చేస్తే ఆయన ఎత్తలేదు. వేరే మేస్త్రులు ఎవరూ ఖాళీగా లేరు. టైల్స్ వేసే దిక్కు లేక నీళ్లు అలాగే నిలిచాయి. మూడో రోజు కింద వాటా ఆవిడ పిలిచి చూపించింది. సీలింగు మూల పళ్లెమంత చెమ్మ. టైల్స్ వేసేసి ఉంటే అంతా పగలగొట్టాల్సి వచ్చేది, నాకు ఆ వీధిలో మళ్లీ పని పుట్టేది కాదు. నా వ్యాపారాన్ని కాపాడింది ఆయన అలకే.

ఆ మధ్యాహ్నమే మైలవరం బస్సెక్కాను. మేస్త్రి గారు వరండాలో కూర్చుని ఉన్నారు. వెనక మేకుకు సంచి వేలాడుతోంది. వాళ్లావిడ మంచినీళ్లిచ్చింది. తాగకుండానే చెప్పేశాను. "మీరన్నట్టే కారింది మేస్త్రి గారూ. ఆ రోజు నేనన్న మాట తప్పు. సంచి పంపితే ఆ అర్థం వస్తుందని నాకు తెలియదు."

ఆయన గ్లాసు వైపు చూపించి ముందు తాగమన్నారు. తర్వాత "ఏ మూల?" అన్నారు.

"తలుపు వెనక మూలండీ."

"పైపు దగ్గర పగులుంటది. నేననుకుంటానే ఉన్నా." లేచి సంచి తీసి నా ఒళ్లో పెట్టారు. "పొద్దున బస్సుకొస్తా. ఇది మీరే పట్టుకెళ్లండి. పంపింది మీరేగా."

అది ఎంత బరువో అప్పుడు తెలిసింది. సీటు కింద పెట్టమని కండక్టర్ అన్నా పెట్టలేదు. విజయవాడ దాకా ఒళ్లోనే పెట్టుకున్నాను. ఏడుపొచ్చింది. ఆ మనిషి రుణం తీర్చుకోలేనని ఆ రోజే తెలుసు.

పొద్దున ఇంటాయన ముందే, "మేస్త్రి గారు చెప్పినట్టే చేద్దాం," అన్నాను. ఆయన విననట్టే పైపు దగ్గర గీకడం మొదలుపెట్టారు. అపార్ట్‌మెంట్ పని నాకు రాలేదు.

ఇప్పుడు నా దగ్గర పదకొండు మంది ఉన్నారు. కోపం ఇంకా ఉంది, కానీ నలుగురి ముందు ఎవర్నీ ఏమీ అనను. గుణదల ఆవిడే అందరికీ పని చెబుతుంది. మేస్త్రి గారికి మోకాళ్లు అరిగిపోయాయి, ఏడాదిగా రావడం లేదు. చివరిసారి వచ్చిన రోజు సంచి నా గోడౌన్‌లోనే వదిలి వెళ్లారు. అప్పుడప్పుడూ ఫోన్ చేస్తారు. పనుల గురించి అడిగి, పెట్టేసే ముందు ఒక మాట అడుగుతారు.

"సంచి ఉందా మేడం గారూ?"

"గోడ వారనే ఉందండీ," అంటాను.