పెద్దమ్మ పెట్టిన చలువ గుల్లలు

ఇరవై రెండేళ్లకే ఊరికి బుద్ధి చెప్పే ఉద్యోగం ఎవరికీ ఇవ్వకూడదు. ఆ రోజుల్లో, అంటే ఎనభైల మొదట్లో, నాకిచ్చారు. పరకాల దగ్గరి పల్లె నుంచి వచ్చి హనుమకొండలో ఆరోగ్య కార్యకర్తగా చేరాను. పచ్చకామెర్ల పోస్టరు చంకన పెట్టుకుని, "నీళ్లు కాచి తాగుండ్రి, కూర మంచిగ ఉడికియ్యుండ్రి" అని వాడంతా తిరిగేదాన్ని. ఆడవాళ్లు తలలూపేవారు (నా మాటకు కాదు, నా కొత్త చీరకని తర్వాత తెలిసింది). ఎండనపడి ఇంటికొస్తే, నేను అద్దెకున్న ఇంటి పెద్దమ్మ గిన్నెడు గుల్లల కూర పెట్టేది. చెరువులో దొరికే నత్తలూ ఆల్చిప్పలూ. "తిను బిడ్డా, ఒంట్ల వేడి గుంజుతది. జరసేపే ఉడికిచ్చిన, ఎక్కువ ఉడికితే చలువ పోతది" అనేది. పగలంతా ఉడికించమని గొంతు చించుకున్న నేను, ఆ పచ్చిపచ్చి కూరను వేళ్లు నాక్కుంటూ తినేదాన్ని. సిగ్గన్నా ఉండాలి కదా!

ఆ వేసవిలో పక్క వాడలో కామెర్లు మొదలయ్యాయి. మురుగు మోసే మోరీ నీళ్లు తాగే నీళ్లలో ఎక్కడ కలుస్తున్నాయో చూసి రమ్మని డాక్టరమ్మ పంపింది. ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని మోరీ వెంబడే నడిచాను. మా వాడ మరుగుదొడ్ల నీళ్లన్నీ మోసుకొచ్చి అది చెరువులో పడే చోట, చీర ఎగ్గట్టి మోకాలి లోతులో నిలబడి ఉంది మా పెద్దమ్మ! చంకన గంప, గంపలో గుల్లలు.

"పెద్దమ్మా, ఈడనా? రోజూ ఈడనేనా?"

"మరేడ బిడ్డా? బలిసినయి ఈడనే దొరుకుతయి."

"ఇవి దొడ్ల నీళ్లు గదా!"

"మన వాడ నీళ్లేనాయె, పరాయోళ్లయా?"

అంతలో ఆమే అంది: "పొద్దుగాల తెచ్చినయి బిడ్డకు వండిపెట్టొచ్చిన. ఈపాటికి తింటాంటది." నిన్ననే పురిటికొచ్చిన కూతురు, ఎనిమిదో నెల! కడుపుతో ఉన్నప్పుడు కామెర్లొస్తే రెండు ప్రాణాల మీదికీ రావచ్చని ట్రైనింగులో విన్నది గుర్తొచ్చింది. చెప్పు తెగినా ఆగకుండా ఇంటికి పరుగెత్తాను. కూతురి మొదటి ముద్ద నోటి దగ్గరే ఉంది. చేయి పట్టి ఆపి, గిన్నె లాగి గోడవతలికి విసిరేశాను. రొప్పుతూ వెనకాలే వచ్చిన పెద్దమ్మ, "కడుపుతోటి ఉన్నదాని నోటికాడి బువ్వ గుంజుతవా? నువ్వు తింటె మందు, నా బిడ్డ తింటె విషమా?" అని దుమ్మెత్తిపోసింది.

దానికి జవాబు మూడు వారాలకు వచ్చింది. నా కళ్లు పసుపు పూసినట్టయ్యాయి. (వండి తిన్న పెద్దమ్మకేం కాలేదు; చిన్నప్పుడే ఒకసారి ఈ కామెర్లు వచ్చిపోయాయట, ఒకసారి వస్తే మామూలుగా మళ్లీ రావు.) ఆమె నా కింది రెప్ప లాగి చూసి, "అయ్యో బిడ్డా, నా చేతులతోనే పెడితినా!" అని బోరుమంది. కళ్లు తుడుచుకుని, వాడ ఆడవాళ్లందరినీ పిలుచుకొచ్చింది. "గీమె కండ్లు జూడుండ్రి! మోరీ కాడి గుల్లలు ముట్టకుండ్రి. చలువ లేదు గిలువ లేదు, ఏదైనా కుతకుత ఉడకాలె!" నా పోస్టరు వైపు కన్నెత్తని వాళ్లంతా వరుసకట్టి నా రెప్పలు లాగి చూసి పోయారు. ఒకామె రెండుసార్లు వచ్చింది. ఆ నెలలోనే పెద్దమ్మకు పండులాంటి మనవరాలు పుట్టింది. తల్లీబిడ్డా క్షేమం.

రిటైరై ఏళ్లయింది. ఇప్పటికీ పొద్దున్నే అద్దం ముందు రెప్ప లాగి చూసుకుంటాను. కనుగుడ్డు తెల్లగా కనబడితే హమ్మయ్య అనుకుంటాను. కానీ ఉద్యోగమంతా నోరు నొప్పిపుట్టేలా చెప్పిన నా మాట జనం విన్నది, నేను నోరు మూసుకుని మంచం పట్టిన ఆ ఒక్క నెలే.