వాన నెలలో అద్దెకు ఇల్లు

చీరాల బట్టల బజారులో పుట్టి పెరిగినవాణ్ణి. మా నాన్న, తాత, మేనమామలు అందరూ గల్లాపెట్టె వెనకాల కూర్చున్నవాళ్ళే. నేను కంప్యూటర్ చదువు చదివి కెనడా దాకా వచ్చాను గానీ, చెప్పిన ధరకు దేన్నీ కొనలేని జబ్బు మాత్రం నాతోనే వచ్చింది. టొరంటో పక్కన మిల్టన్‌లో టౌన్‌హౌస్ కొనేటప్పుడు గ్యారేజీ తలుపు రంగు బాగా లేదని మొదలుపెట్టి, వంటింటి రాతి గట్టు దాకా అదనంగా రాబట్టాను. ఒకసారి స్కార్‌బరోలో మనవాళ్ళ కొట్టులో కరివేపాకు వాడిపోయిందని కౌంటర్ దగ్గర అమ్మాయితో పేచీ పెట్టాను.

"అంకుల్, రేటు కంప్యూటర్‌లో ఉంటుంది. నా చేతిలో ఏమీ లేదు," అంది ఆ అమ్మాయి.

"అయితే ఆ కంప్యూటర్‌నే పిలువమ్మా, మాట్లాడదాం," అన్నాను.

ఆ రోజు నుంచి మా ఆవిడ ఆ కొట్టులోకి నాతో రాదు. కారులో కూర్చుని, అద్దం పైకెత్తుకుంటుంది.

అలాంటివాణ్ణి మా అమ్మాయి కోస్టారికా తీసుకెళ్ళమంది. బడిలో ఎవరో స్లాత్ గురించి పాఠం చెప్పారట. చెట్టుకొమ్మకు వేలాడుతూ, కదలడానికి కూడా బద్ధకించే ఆ జంతువును కిటికీలోంచి చూడాలట. వేసవి సెలవుల్లో వెళ్దామని మాట ఇచ్చాను.

పిల్లకు తొమ్మిదేళ్ళు. ఆస్తమా ఉంది. అంతకు ముందు చలికాలం ఒక సాయంత్రం ఉన్నట్టుండి మాట ఆగిపోయింది. ఊపిరి తీసుకున్నప్పుడల్లా మెడ కింద గుంట లోపలికి పోతోంది. నోట్లో కొట్టే మందు పంపు ఎన్నిసార్లు కొట్టినా తగ్గలేదు. ఎమర్జెన్సీకి తీసుకెళ్ళేసరికి పెదవుల రంగు మారింది. హాస్పిటల్ దగ్గర్లో ఉండబట్టి బయటపడ్డాం. తర్వాత డాక్టరు రెండే మాటలు చెప్పింది: తేమ పట్టిన ఇంట్లో పిల్లను పడుకోబెట్టొద్దు, హాస్పిటల్‌కు దూరంగా ఉంచొద్దు. మా ఆవిడ ఆ రెండు మాటలూ మనసులో రాసుకుంది. నేనూ విన్నాను.

రిసార్టుల ధరలు చూసి నాకే ఊపిరి ఆడలేదు. వెతగ్గా వెతగ్గా తూర్పు తీరంలో, ఏటి పక్కన ఒక పల్లెలో ఇల్లు దొరికింది. వరండా, ఉయ్యాల, అరటిచెట్లు. ఒక ఫోటోలో కిటికీకి ఎదురుగా చెట్టు మీద అచ్చంగా ఒక స్లాత్. అద్దె కూడా తక్కువే. జూలైలో అక్కడ వానలు కాబట్టి తగ్గింపు అని రాసి ఉంది. నాకు నవ్వొచ్చింది. పెళ్ళిళ్ళు లేని ఆ నెలల్లోనే మా నాన్న కొట్టు ముందు ఆషాఢం తగ్గింపు బోర్డు కట్టేవాడు. అమ్ముడుపోని రోజుల్లో అమ్మేవాడి గుండె ఎలా ఉంటుందో నాకు తెలుసు. ఇంకా తగ్గుతుందని అర్థమైంది.

ఇంటాయన స్పానిష్‌లో రాస్తాడు, ఫోన్ దాన్ని ఇంగ్లీషు చేస్తుంది. మొదటిరోజే ఫోటోలను పెద్దవి చేసి లోపాల కోసం వెతికాను. వంటింట్లో, పడగ్గదిలో, హాల్లో, అన్ని గోడల మీదా నడుమెత్తులో ఒకటే గోధుమరంగు చార. ఫోటోలు చూసేవాళ్ళు దాన్ని రంగు పట్టీ అనుకుంటారు. నేను అనుకోలేదు. నా చిన్నప్పుడు ఒక వానాకాలం మా బజారులోకి నీళ్ళొచ్చి పోయాక, ప్రతి కొట్టు గోడకూ అదే చార మిగిలింది. ఎన్ని సున్నాలు కొట్టినా మళ్ళీ పైకి తేలేది.

"గోడల మీద నీటి చార ఉంది," అని రాశాను.

"నిజమే సార్. రాత్రికి పది డాలర్లు తగ్గిస్తాను," అని జవాబు.

అంతే. ఆ నీళ్ళు ఎప్పుడొచ్చాయి, మళ్ళీ ఎప్పుడొస్తాయి అని నేను అడగలేదు. బజారులో పెరిగినవాళ్ళకు లోపం అంటే ధర తగ్గించడానికి పట్టుకునే పిడి. ధర తగ్గిందా, లోపం సంగతి ముగిసినట్టే. రంగు వెలిసిన చీరను సగానికి కొన్నావిడకు ఇంటికెళ్ళేలోపు ఆ రంగే ముద్దొస్తుంది.

తర్వాత వంతెన గురించి తెలిసింది. పెద్ద రోడ్డు దిగాక ఏరు దాటాలి. వంతెన కొట్టుకుపోయింది, ట్రక్కులో దాటిస్తారు. దానికి కొంత తగ్గించాడు. ఇంట్లో సిగ్నల్ అందదు, వెనక గుట్ట ఎక్కాలి. దానికీ తగ్గించాడు. మా అమ్మాయి నా భుజం మీదుగా తొంగిచూసి, "నాన్నా, వై ఈజ్ ద ఫ్రిజ్ సో హై?" అంది. నిజమే, ఫ్రిజ్ ఇటుకల దిమ్మె మీద ఉంది. మంచాల కాళ్ళ కింద కూడా ఇటుకలు. నేను శభాష్ అని, అదీ రాసి ఇంకొంచెం తగ్గించుకున్నాను. పిల్లకు చూపు నాదే వచ్చిందని మురిసిపోయాను కూడా.

"ఒక్కసారైనా కుదరదన్నాడా ఆయన?" అని అడిగింది మా ఆవిడ, చపాతీలు ఒత్తుతూ.

"లేదు. అడిగిన ప్రతిసారీ ఇచ్చాడు."

"మీకు భయం వెయ్యట్లేదా?"

"భయమెందుకు? నా బేరం నేర్పు అది."

"హాస్పిటల్ ఎంత దూరమో అడగండి ముందు."

ఆమె ముందు అలా అన్నాను గానీ, లోపల అప్పటికే ఏదో గుచ్చుకుంటోంది. మా కొట్టులో ఎక్కడైనా చిరుగు ఉన్న గుడ్డ తానును అమ్మాలంటే, కొనేవాళ్ళు రెండో మడత విప్పకముందే నాన్న వాళ్ళడిగిన ధరకు ఒప్పేసుకునేవాడు. బేరం సాగినకొద్దీ మడతలు విప్పుతారు, వెలుతురుకు పట్టి చూస్తారు. అందుకని ఆ ఒక్క సరుకు దగ్గర మా నాన్నంత ఉదారుడు బజారులో ఉండేవాడు కాదు. తానును కాగితంలో చుట్టి ఇచ్చే పని నాది. ఇటు పక్కన, కొనేవాడిగా నిలబడి ఆ ఉదారబుద్ధిని అందుకోవడం మాత్రం నాకు అదే మొదలు.

హాస్పిటల్ గురించి అడిగాను. "రెండు గంటలు సార్, ఏరు తగ్గి ఉంటే," అన్నాడు.

ఏరు తగ్గి ఉంటే. ఆ మాటను చాలాసేపు చూశాను. చూసి, నేను రాసింది ఇది: మా పాపకు ఆస్తమా, హాస్పిటల్ అంత దూరమైతే ధర ఇంకా ఆలోచించుకోవాలి. వెంటనే తగ్గించాడు, అంతకుముందు తగ్గించిన వాటన్నిటికంటే ఎక్కువగా. భోజనాల దగ్గర ఆ సంగతి గొప్పగా చెప్పాను.

మా ఆవిడ గరిటె పప్పు గిన్నెలో వదిలేసింది. పిల్ల వినకుండా గొంతు తగ్గించి, "దాని ఊపిరి మీద డిస్కౌంట్ తెచ్చారా?" అంది.

ఆ ఇంటికి వెళ్ళకూడదని నాకప్పుడే తెలుసు. అప్పటికి డబ్బు కట్టలేదు, విమానం టికెట్లు కూడా కొనలేదు. వద్దని ఒక్కమాట రాస్తే తీరిపోతుంది. ఆ ఒక్కమాటే చేతికి రాలేదు. ధర మనం చెప్పి, అవతలివాడు సరేనన్నాక వెనక్కి తిరగకూడదు. మా బజారులో అంతకంటే నీచమైన పని లేదు. అలా వెళ్ళిపోయినవాణ్ణి నాన్న తిట్టేవాడు కాదు. ఆ బట్టను మడత పెట్టనివ్వకుండా పొద్దుగూకేదాకా బల్ల మీదే ఉంచి, వచ్చేపోయేవాళ్ళు అడిగితే ఫలానావాడు వదిలేసి పోయాడని ఊరి పేరుతో సహా చెప్పేవాడు. నవ్వుకోండి, కోస్టారికాలో నా ఊరిపేరు చెడుతుందని భయపడ్డాను.

అందుకని ఒక తెలివైన పని చేశాను. ఎవడూ ఒప్పుకోని ధర అడిగితే కాదనడం ఆయన వంతు అవుతుంది, నేను పరువుగా బయటపడతాను. టొరంటో వెళ్ళే రైల్లో కూర్చుని, మిల్టన్‌లో ఒక పిజ్జాకయ్యే డబ్బుకు రాత్రికి ఇల్లివ్వమని రాశాను. కోప్పడతాడనుకున్నాను. కోప్పడాలని కోరుకున్నాను. రైలు తర్వాతి స్టేషన్ చేరకముందే జవాబు వచ్చింది.

"సరే సార్. మీరు రండి, అంతే చాలు."

ఆ రోజు ఆఫీసులో ఏ పనీ చేయలేదు. ఆ నాలుగు మాటల్నే తిప్పి తిప్పి చూస్తూ కూర్చున్నాను.

శనివారం పొద్దున్న నేను టీ తాగుతుంటే పిల్ల నా ఫోన్ తీసుకుంది. వరండా ఫోటోలో గోడకు ఆనించి రెండు చిన్న సైకిళ్ళున్నాయట. నేను వాటిని ఎన్నడూ చూడలేదు, తగ్గింపుకు పనికిరావు కాబట్టి. మీ పిల్లలు అక్కడే ఉంటారా, నాకు స్లాత్‌ను చూపిస్తారా అని తనే రాసి పంపేసింది. జవాబు వస్తే బిగ్గరగా చదివింది. ఇంగ్లీషులో చదివినదాన్ని నేను తెలుగులో చెబుతున్నాను.

"ఉండరు తల్లీ. జూలైలో మేమందరం కొండ మీద వాళ్ళ అమ్మమ్మగారింటికి వెళ్ళిపోతాం. ఏరు తగ్గాకే వస్తాం. మా చిన్నవాడికి కూడా నీలాగే ఆయాసం, ఆ నెలలో ఈ ఇల్లు వాడికి పడదు. మీరు ఇంట్లో ఉంటే దొంగలు రారని మాకు ధైర్యం. నీళ్ళొస్తే పరుపులు పైకెత్తమని నాన్నకు చెప్పు."

"నాన్నా, హి హాజ్ ఇట్ టూ," అంది పిల్ల. తనలాంటివాడు ప్రపంచంలో ఇంకొకడు ఉన్నందుకు దాని ముఖం వెలిగిపోయింది.

నేను ఫోన్ అందుకున్నాను. మమ్మల్ని కాపలాకు ఉండమంటున్నాడు కదా, అయితే అసలు డబ్బే ఎందుకివ్వాలి అని నా బొటనవేలు సగం వాక్యం రాసేసింది. వేలు ఆగేసరికి మా ఆవిడ నా వెనకే నిలబడి ఉంది.

"రాయండి," అంది. "ఎంతకడుగుతారో నేనూ చూస్తాను."

రాసింది చెరిపేశాను. మేము రావడం లేదని రాశాను. కారణం రాయలేదు. కారణం రాస్తే ఆయన దానికీ కొంత తగ్గిస్తాడని తెలుసు.

వెంటనే ఒక అంకె వచ్చింది. ఆ పిజ్జా డబ్బులో సగం. నేను జవాబివ్వలేదు. కాసేపటికి ఇంకో అంకె, దానిలో సగం. ఆ సంభాషణ మొత్తం ఫోన్‌లోంచి తీసెయ్యబోతుంటే మా అమ్మాయి నా మణికట్టు పట్టుకుంది. ఇంట్లో ఎంత అడిగినా ఇంగ్లీషులో తప్ప జవాబు చెప్పని పిల్ల అది.

"ఆగు నాన్నా," అంది తేటగా, మెల్లగా. "ఇంకా తగ్గిస్తాడు."

నేను ఆ సంభాషణ తీసేశాను. పిల్ల చెయ్యి నా మణికట్టు మీద అలాగే ఉంది.